భార్యకు కూడా చెప్పని పిన్

2023లో, చెరకు నరుకుడు సాగుతున్న రోజులు. చోడవరం బస్టాండు పక్కన నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. బోర్డు మీద ‘స్మార్ట్’ అని రాయించాను. అది ఫోన్ల గురించే, యజమాని గురించి కాదు.

బుచ్చయ్యపేట వైపు నుంచి అప్పలనర్సమ్మ అనే ఆమె వచ్చి, కొంగులో చుట్టిన ఫోను బల్ల మీద పెట్టింది. ఆమె భర్త గుండెపోటుతో పోయి నెల దాటింది.

“ఇది తెరిసి పెట్టు బాబూ. మా ఆయన పాటలున్నాయిందులో.”

“పిన్ తెలుసా అమ్మా?” పిన్ అంటే ఫోను తెరవడానికి పెట్టుకునే అంకెలు.

“తెలిస్తే నీ కాడికెందుకొస్తాను?”

స్మార్ట్ ఎవరో తేలిపోయింది.

చెరకు పనిలో వేళ్ళు అరిగి, ఆయన వేలిముద్రను ఫోను గుర్తుపట్టేది కాదట. పిన్నే దిక్కు. మొదట్లో పెట్టుకున్న నాలుగు ఒకట్లు ఊరందరికీ తెలుసు. తరవాత ఊళ్ళో సైబర్ మోసాల మీద ఎవరో మీటింగు పెట్టి, గట్టి పిన్ పెట్టుకోండి, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకండి అన్నారు. ఆయన మాట వినే మనిషి. ఆరంకెల పిన్ పెట్టాడు.

“అడిగితే నవ్వీవోడు. ‘ఒసే, నీకూ సెప్పకూడదంట’ అనీవోడు. బేంకు నుంచని ఎవడో ఫోన్ సేస్తే మాత్రం ఓటీపీ గట్టిగా సదివి ఇనిపించేడు. ఇదేటయ్యా అంటే, ‘బేంకోడు బయటోడేటే?’ అన్నాడు.”

ఓటీపీ అంటే డబ్బు కదిలే ముందు ఫోనుకొచ్చే అంకెలు. ఖాతా ఊడ్చుకుపోయింది. పిన్ మాత్రం భద్రం.

తోటలో పాడుకున్న పాటలు ఆయన ఫోనులో రికార్డు చేసుకుని, సాయంత్రాలు తనే వినేవాడట. ఎవరికీ పంపలేదు. పాటకు తాళం ఉండాలంటారు గానీ, ఇలాంటి తాళం కాదు.

కూతురి పెళ్ళి తేదీ, ట్రాక్టరు నంబరు, ఆమె చెప్పినవన్నీ కొట్టి చూశాం. తప్పిన కొద్దీ ఫోను ఇంకా ఎక్కువ సేపు ఆగమంది. చివరికి చెప్పక తప్పలేదు.

“ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తెరుచుకుంటుందమ్మా. కానీ లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.”

“అంటే ఫోనొస్తాది, ఆయన రాడు.”

ఫోను ఆమె వైపు జరిపాను.

“పాడతంటే, సెవులు నొప్పెడతన్నాయి ఆపమనీదాన్ని బాబూ,” అంది. ఫోను మళ్ళీ నా వైపు తోసి, “వద్దులే. వైరు వంచి పట్టుకుంటేగానీ సార్జింగెక్కట్లేదు, అదొక్కటీ బాగుసెయ్యి. ఆయన్నలాగ ఉండనీ.”

ఛార్జింగ్ పోర్టు మార్చాను. పిన్ అడుగుతూ వెలిగిన ఫోనును కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తాళం దొంగను ఆపలేదు. దొంగ ఆ తలుపు దగ్గరికే రాలేదు. ఆపింది ఇంటామెను. తాళాలు వద్దని నేననను. కానీ ఇప్పుడు ఎవరి ఫోనుకు లాక్ పెట్టినా, “ఇంట్లో ఇంకెవరికి తెలుసు?” అని అడుగుతాను. “పొద్దున్నే సావు కబుర్లేటి?” అని చాలామంది తిడతారు. తిట్టాక కొందరు, పక్కనున్న భార్య వైపు వంగి అంకెలు చెబుతారు. ఆ కాసేపు నేను వీధివైపు చూస్తాను.