విడిచిన చీర

మొన్న మంగళవారం రేపల్లెలో మా స్కూలు స్టాఫ్ రూములో ఉండగా బాపట్ల నుంచి ఫోనొచ్చింది. "అమ్మ పోయిందక్కా" అంది పిన్నిగారి అమ్మాయి. తెనాలిలో మా పక్కింటి పిన్నిగారు ఏడాదిగా ఆ కూతురి దగ్గరే ఉంటోంది. నేను బస్సులు మారి చేరేసరికి మట్టి చేసి మగవాళ్ళు తిరిగొచ్చేశారు. చివరిచూపు దక్కలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. వాళ్ళు ముస్లింలు, మాది అమృతలూరు నుంచి తెనాలి వచ్చిన వ్యవసాయం కుటుంబం. మధ్యలో గోడ ఒకటే. మిషను చప్పుడు ఆగిందంటే నమాజు వేళయిందని నాకు తెలిసేది. జాకెట్టు కోసం ఎవరైనా తొందరపెడితే, "ఉరుకుల మీద వేసిన కుట్టు రెండుసార్లు వెయ్యాలమ్మా" అనేది.

కొన్నేళ్ళ కిందట పాప పుట్టాక సెలవైపోయి నేను మళ్ళీ బడికెళ్ళాల్సి వచ్చినప్పుడు, పాపని చూస్తానని ఆవిడే ముందుకొచ్చింది. లెక్కల టీచర్ని, పదో తరగతి పరీక్షలు నెత్తిమీదున్నాయి. పొద్దున్నే రేపల్లె బండి. పాపేమో సీసా ముట్టదు. చెంచాతో పోస్తే సగం ఉమ్మేసేది. మూడు రోజులకే ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. బళ్ళో బోర్డు మీద లెక్క సగంలో ఉండగా నా జాకెట్టు తడిసిపోయేది. పైట సర్దుకుని, పిల్లల వైపు తిరక్కుండానే పాఠం చెప్పేదాన్ని. ఫోను మోగితే ఇంటి నుంచేననుకునేదాన్ని. "మానేస్తే పోలా, పిల్లకంటే ఎక్కువా?" అని ఊరి నుంచి అత్తగారు రోజూ అదే పాట. మా ఆయన అటూ ఇటూ చెప్పకుండా పేపరు చదువుకునేవారు. శనివారం దాకా చూసి, అప్పటికీ తాగకపోతే ఉద్యోగం మానేద్దామని నిర్ణయించుకున్నాను.

గురువారం సాయంత్రం పిన్నిగారు, "నీ చీర ఒకటివ్వమ్మాయ్, కట్టుకుని పాలు పడతా. నువ్వే అనుకుంటుంది" అంది. నేను చేసిన ఘనకార్యం చూడండి, బీరువాలోంచి ఉతికి ఇస్త్రీ చేసిన చీర తీసిచ్చాను. శుక్రవారం కూడా అదే ఏడుపు.

పిన్నిగారికి కోపం రావడం నేను ఆ ఒక్కసారే చూశాను. "సబ్బు వాసనకి పిల్ల తాగుద్దా? నువ్వు కట్టి విడిచిందివ్వాలిగానీ."

మా ఇళ్ళలో విడిచిన బట్ట మైల. ఉతకమని ఇస్తాం గానీ కట్టుకోమని ఎవరికైనా ఇస్తామా? అంత పెద్దావిడకి నా చెమట చీర ఎలా ఇచ్చేది?

"తప్పు కదండీ పిన్నిగారూ" అన్నాను.

"పిల్ల పస్తుంటే తప్పు కాదేంటి? దానికి తల్లి కావాలి, నీకు నీ పని కావాలి. రెండూ ఆకలే. తే."

ఇంట్లోకెళ్ళి ఒంటిమీది చీర మార్చుకుని, విడిచింది మడత పెట్టి, తలొంచుకుని చేతికిచ్చాను.

శనివారం బండి ఆలస్యమైంది. స్టేషను నుంచి దాదాపు పరిగెత్తాను. వీధి మొదట్లో ఆగి విన్నాను. ఏడుపు లేదు. ఇంకా భయమేసింది. పిన్నిగారు నా చీర కట్టుకుని వాళ్ళ గుమ్మంలో కూర్చునుంది. ఒళ్ళో పాప నిద్రపోతోంది, మూతి పక్కన పాల చార.

"మూడుసార్లు తాగింది" అంది మెల్లిగా.

సంతోషించాలి కదా. అబద్ధమెందుకు, కుళ్ళుకున్నాను. నేను లేకపోయినా నా పిల్లకి గడిచిపోయింది. అక్కడే నిలబడి, తడిసిన జాకెట్టుతో ఏడ్చేశాను.

ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. ఆవిడ కట్టుకున్న నా చీర కొంగు ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు, చీకటి పడేదాకా వదల్లేదు.