గట్టిపడని మైనం

ఆ రోజుల్లో, అంటే యాభైల చివర్లో, నా అంత పల్చగా కండను కోసేవాడు కర్నూలు నుంచి మద్రాసు దాకా ఇంకొకడు లేడు. (ఉన్నారు లెండి. నేను కోసినవాటిలో సగం ముడతలు పడేవి.) కర్నూలు ఆసుపత్రి ల్యాబులో నాది ఒంటరి ఉద్యోగం. రోగి ఒంట్లోంచి తీసిన గడ్డ ముక్కను కరిగిన మైనంలో పెట్టి, దిమ్మ గట్టిపడ్డాక ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి రంగు వేస్తే, డాక్టరుగారు మైక్రోస్కోపులో చూసి మంచిదో చెడ్డదో చెప్పేవారు. మా ఎండలకు మైనం గట్టిపడటమే గగనం. దిమ్మను కుండనీళ్లలో పెట్టుకుని కాపలా కూర్చునేవాణ్ణి. కోసిన పొర ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది కాబట్టి ఫ్యాను వేయకూడదు. ఫ్యాను లేని గదికి ఎవరొస్తారు? రాయచోటిలో మా అమ్మను వదిలి వచ్చాక మనసారా మాట్లాడింది లేదు. చివరికి మైనం దిమ్మలకు పేర్లు పెట్టి పలకరించుకునేవాణ్ణి.

అప్పుడొచ్చాడు పత్తికొండ పెద్దాయన. ఆయన భార్య మెడ మీది గడ్డ ముక్క నా కుండలో ఉంది.

"ఏమప్పా, ఇంగా గట్టిపడలేదా?"

"శానా నాజూకు పని పెద్దాయనా. ఊపిరి బిగబట్టు."

నిజంగానే బిగబట్టేవాడు, కళ్లు తేలేసేదాకా! (కోసేటప్పుడు తప్ప అంత అవసరం లేదు. ఆ మాట నేను చెప్పలేదు.) రోజూ వచ్చి, గాలి రాకుండా తువ్వాలు కిటికీకి అడ్డంగా పట్టుకుని నిలబడేవాడు. పని ఆగితే వేరుశనగకాయలు ఒలుస్తూ, "ఆమె లేకుంటే ఇంట్లో ఉప్పు యాడుండాదో గూడా నాకు తెల్దప్పా" అని నవ్వబోయి నవ్వలేకపోయేవాడు.

నాలుగో రోజు పొద్దున డాక్టరుగారు చూసి, "మామూలు గడ్డే. భయం లేదని ఆయనకు చెప్పు" అన్నారు. చెబితే బస్సెక్కి పోతాడు కదా! "ఇంకా తేలలేదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి లేచి వెళ్లి మళ్లీ వచ్చాడు. మధ్యాహ్నానికి నాకు ముద్ద దిగలేదు.

"తిట్టు పెద్దాయనా. గడ్డ మంచిదేనని పొద్దున్నే తెలిసింది. కావాలనే చెప్పలేదు."

ఆయన ఒలవడం ఆపలేదు. "నీ మొగం చూస్తేనే తెలిసిపాయ. పోయి డాక్టరయ్యను అడిగి ఖాయం చేసుకొంటి. వార్డులో ఉండే మా ఆడమనిషికి గూడా చెప్పొస్తి."

"మరి మళ్లీ ఎందుకొచ్చినావు?"

"ఒక్కనివే కూచోనుండావు గదప్పా. బస్సు సాయంత్రం గూడా ఉండాది. చెయ్యి పట్టు." గుప్పెడు గింజలు నా చేతిలో పోశాడు.

ఇప్పుడు మా ఇంటికి కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి ఈ కథ చెబుతుంటాను. ఎండ కాస్త తగ్గేదాకా కూర్చుంటారు. ఎందుకు కూర్చుంటారో మాత్రం నేను అడగను.