పక్క సీటు మాస్టారు

మాస్టారికి డ్రైవింగ్ రాదని ఎవరైనా అంటే ఆ వీధి వీధంతా మీదపడి కొట్టేది. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే మరి. మిగతా సగం మంది ఆయన తిట్లకు జడిసి బస్సుల్లో తిరుగుతున్నారు. అయితే ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ మహానుభావుడు ఇన్నేళ్ళూ కూర్చున్నది పక్క సీట్లో. అక్కడ ఆయన కాళ్ళ దగ్గర విడిగా ఇంకో బ్రేకు బిగించి ఉంటుంది. శిష్యులు ఏ గోడ మీదికో, ఏ పాలవ్యాను మీదికో పోబోతే మాస్టారు ముందు ఆ బ్రేకు తొక్కుతారు, తర్వాత నోరు విప్పుతారు. మగవాళ్ళయితే దున్నపోతు, ఆడవాళ్ళయితే మహాతల్లి. అంతకు మించి శిష్యుల పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ ఆయన ఎన్నడూ పెట్టుకోలేదు.

తనే డ్రైవింగ్ సీట్లో కూర్చోవాలంటే మాత్రం మాస్టారికి ముచ్చెమటలు పట్టేవి. పక్క సీటు ఖాళీ. ఆ రెండో బ్రేకు మీద ఎవరి కాలూ లేదు. లోకమంతా ఆ కాలు లేకుండానే నడుపుతోంది కదా అంటే, అందుకే లోకం ఇలా తగలడింది అనేవారు. అందుకని కూరగాయలకైనా, చుట్టాలింటికైనా భార్యే నడిపేది, ఆయన దర్జాగా పక్కన కూర్చునేవారు. చూసినవాళ్ళు దాన్ని భార్య మీద గౌరవం అనుకున్నారు. మాస్టారు కాదనలేదు. ఊరికే వస్తున్న మంచిపేరును కాదనడానికి ఆయనకేం పట్టింది?

ఒక ఉదయం భార్యకు నడుం పట్టేసింది. డ్రైవింగ్ స్కూలు కారు క్లచ్చు చూపించడానికి మెకానిక్ దగ్గరికి వెళ్ళక తప్పదు. మాస్టారు ఇంట్లో ఉన్న దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుని, ఆ కంగారులో ఫోను చార్జింగులోనే వదిలేసి, ఒంటరిగా బయలుదేరారు.

ఆయన నడిపిన తీరు అచ్చు పాఠ్యపుస్తకం. ఖాళీ రోడ్డు మీద కూడా ఇండికేటరు వేశారు. పక్కన సైకిళ్ళు దాటిపోతున్నా చలించలేదు. పచ్చలైటు పడ్డాక కూడా ఆగి, అటూ ఇటూ చూసి, అప్పుడు కదిలారు. ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపే మనిషి కంటబడితే పోలీసులకు నిద్ర పడుతుందా? ఒక పోలీసు జీపు ఆయన వెనకే కదిలింది.

అద్దంలో జీపు కనిపించగానే మాస్టారు వేగం తగ్గించారు. జీపూ తగ్గించింది. పోనీలే, దారి ఇద్దామని ఏ పనీ లేని సందులోకి తిరిగారు. జీపుకూ ఆ సందులోనే పని పడింది. మళ్ళీ పెద్దరోడ్డు ఎక్కి సిగ్నల్ దగ్గర ఆగితే, జీపు వచ్చి పక్కనే నిలబడింది. మాస్టారు కిటికీ దించుకుని, ఎదురుగా చూస్తూ, పెదాలు కదుపుతూ, ఎవరికో నచ్చజెబుతున్నట్టు చిన్నగా నవ్వుతున్నారు. జీపులో ఉన్న హెడ్ కానిస్టేబుల్ మెడ చాచి విన్నాడు. ఆ తర్వాత దిగి వచ్చాడు.

“ఫోనేదండీ?”

“ఇంట్లో ఉంది సార్.”

“మేం ఆపాక అందరి ఫోన్లూ ఇంట్లోనే ఉంటాయండీ.”

సీటు కింద వెతికాడు, డ్యాష్‌బోర్డు తెరిచాడు, మాస్టారి చెవుల్లోకి టార్చి వేసి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే ఎంత గట్టిగా దాచారో అర్థం చేసుకున్నాడు. “చెవిలో పెట్టుకునేవి ఈమధ్య గింజంత వస్తున్నాయి లెండి. పోనీ, ఎవరితో మాట్లాడారో చెప్పండి, వదిలేస్తాను” అన్నాడు. మాస్టారు నేల చూపులు చూశారు. అంతే, ఫోనులో మాట్లాడుతూ బండి నడిపినట్టు చలానా చేతిలో పడింది.

మామూలు మనిషయితే జరిమానా కట్టేసి, నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకుంటాడు. మాస్టారికి ఆ వీలు లేదు. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. ఫోను కేసు రుజువైన వాడి దగ్గర డ్రైవింగ్ నేర్పే పర్మిట్ ఉండనివ్వరు. పర్మిట్ పోతే స్కూలు మూసుకోవాలి, ఆ పక్క సీటు పోతుంది. ఆ సీటు తప్ప ఆయనకు ఈ భూమ్మీద ధైర్యంగా కూర్చునే చోటు ఇంకోటి లేదు. కాబట్టి కోర్టుకే వెళ్ళాలని నిశ్చయించుకున్నారు.

“ఫోను ఇంట్లోనే ఉందిగా, నేనే చూశాను. నేనొచ్చి సాక్ష్యం చెప్తానండీ” అంది భార్య.

“వద్దులే, నీకు నడుం నొప్పి.”

“పర్మిట్టు పోతే ఇంకా నొప్పెడుతుంది.”

వాయిదా రోజున కారు నడిపింది ఒక శిష్యురాలు. బట్టలు కుట్టే పిల్ల. పాఠం పాఠమూ అవుతుంది, ప్రయాణం ప్రయాణమూ అవుతుందని మాస్టారి లెక్క. పాపం ఆ పిల్ల బండి కదిలించబోయినప్పుడల్లా ఇంజను ఆగిపోయేది. “మహాతల్లీ, అది కుట్టుమిషను కాదు!” అని మాస్టారు దారి పొడుగునా వాయించారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూనే కోర్టు చేర్చింది.

కోర్టు హాల్లో పాత ఫ్యాను కిర్రుమంటోంది. బెంచీల నిండా చలానాల జనం. మేజిస్ట్రేటుగా కూర్చున్న ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, చెప్పండి అంది. హెడ్ కానిస్టేబుల్ బోనెక్కాడు.

“ఆయన చాలా పద్ధతిగా నడుపుతున్నాడండీ. అందుకే అనుమానం వచ్చి వెంట వెళ్ళాను.”

“పద్ధతిగా నడపడం తప్పా?”

“తప్పు కాదండీ. కానీ ఎవరూ అలా నడపరు కదండీ.”

ఆవిడ నవ్వు దాచుకుని, “మాట్లాడుతుంటే విన్నారా?” అంది.

“స్పష్టంగా విన్నానండీ. ‘మెల్లగా బంగారం, కంగారు పడకు, నేనున్నాగా’ అన్నాడండీ.”

నడుం నొప్పితో వంగి కూర్చున్న భార్య టక్కున నిటారుగా కూర్చుంది. ఏ డాక్టరూ చేయలేని వైద్యం పోలీసు శాఖ ఒక్క మాటతో చేసేసింది. తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, “ఫోను ఇంట్లోనే ఉందండీ. మెకానిక్ చేస్తే నేనే ఎత్తాను. అది నిజం” అంది. మాస్టారిని చూస్తూ, “కానీ ఆ బంగారం ఎవరో నాక్కూడా తెలియాలండీ” అంది.

“ఫోను లేకపోతే మరి ఎవరితో మాట్లాడారండీ?” అని మేజిస్ట్రేటు అడిగింది.

మాస్టారికి తలప్రాణం తోకకొచ్చింది. నోరు విప్పకపోతే పర్మిట్ పోతుంది. విప్పితే పరువు పోతుంది, అదీ శిష్యురాలి ఎదుట. భార్య ముఖం చూశారు. రెండింట్లో పరువే చవక అనిపించింది.

“నాతోనేనండీ.”

“మీతోనా?”

“నాకు బండి నడపడం భయమండీ.” హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారు ఆగలేదు. “నాకు నేర్పినాయన రూళ్ళకర్రతో మోకాళ్ళ మీద కొట్టి నేర్పాడండీ. ఒక్క మంచి మాట అనలేదు. ఇప్పటికీ స్టీరింగ్ పట్టుకుంటే మోకాళ్ళు వణుకుతాయి. ఎవరో ఒకరు ధైర్యం చెప్పాలి కదండీ. ఎవరూ లేరని నేనే చెప్పుకుంటాను.”

ఈసారి కొంతమందే నవ్వారు.

“ఎలా చెప్పుకుంటారో చూపించండి” అంది మేజిస్ట్రేటు. మాస్టారు బోను కమ్మీని స్టీరింగులా పట్టుకున్నారు. కళ్ళు ఎదుటి గోడ మీద పెట్టి, “అద్దం చూసుకో బంగారం. ఆఁ, అలాగ. భయం లేదు” అంటూ గేరు మార్చారు. అనే ప్రతి మాటకూ ఆయన కుడికాలు చెక్క మీద ధన్‌మని బ్రేకు తొక్కుతోంది. ఎదురుగా రోడ్డూ లేదు, పాలవ్యానూ లేదు. అయినా తొక్కుతూనే ఉంది. బెంచీ చివర కూర్చున్న బట్టలు కుట్టే పిల్ల ఆ కాలు వంకే చూస్తూ ఉండిపోయింది.

“ఇదేనండీ, ఇదే మాట, ఇదే నవ్వు” అని హెడ్ కానిస్టేబుల్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. పాపం, అక్కడితో తన కేసు తనే కొట్టేసుకున్నానని అతనికి తట్టలేదు.

“తనతో తాను మాట్లాడుకోకూడదని చట్టం ఇంకా రాలేదు. వస్తే ముందు నన్నే తీసుకుపోవాలి” అని మేజిస్ట్రేటు చలానా రద్దు చేసింది. మాస్టారి పర్మిట్ నిలిచింది.

తిరుగు ప్రయాణంలో కొంత దూరం పోయాక వెనక సీట్లోంచి భార్య, “ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఒక్కసారి అనని మాట, మీకు మీరే అనుకున్నారన్న మాట” అంది. మాస్టారు అద్దంలోకి చూడలేదు. అద్దాలు చూడమని ఊరందరికీ చెప్పిన మనిషి.

సిగ్నల్ దగ్గర ఆగారు. వెనక పోలీసు జీపు వచ్చి నిలబడింది, హెడ్ కానిస్టేబుల్ ఇంటికి పోతున్నాడు కాబోలు. పచ్చలైటు పడింది. ఆ పిల్ల క్లచ్చు వదిలింది, ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. మాస్టారు “మహా...” అని నోరు తెరిచారు.

“మాస్టారూ” అంది ఆ పిల్ల, ఎదురుగా చూస్తూనే. “మీ కాలు ఒకసారి తీస్తారా?”

మాస్టారు కిందికి చూసుకున్నారు. కుడికాలు బ్రేకు మీద ఉంది. గట్టిగా, అడుగు దాకా తొక్కి ఉంది. ఎప్పుడు పెట్టారో ఆయనకే తెలియదు. ఏడ్చుకుంటూ దిగిపోయిన దున్నపోతులూ మహాతల్లులూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు, పేర్లు మాత్రం గుర్తు రాలేదు.

ఆయన కాలు తీసి సీటు కిందికి లాక్కున్నారు. మోకాలు వణుకుతోంటే రెండు చేతులతో పట్టుకున్నారు.

“మెల్లగా పోనియ్ బంగారుతల్లీ, కంగారు పడకు” అన్నారు.

బండి కుదుపు లేకుండా కదిలింది.