లాంచీలో మగచొక్కా

ఓడైనా లాంచీ అయినా, ఎక్కగానే మనిషి ముందు చూసేది నీళ్లను కాదు, పక్కవాళ్ల బట్టలను. కూనవరం రేవు నుంచి పాపికొండలకు బయల్దేరిన లాంచీలో ఆ పూట అందరి చూపులూ జూలూరుపాడు బుల్లెమ్మ మీదే. కొత్త పట్టుచీర మీద ఆమె మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది. మిరపకాయలు కోసే ఆడవాళ్లు ఎండకు అలా తొడుక్కోవడం ఆ వైపు మామూలే. పెళ్లయిన నాటినుంచీ చేనికి వెళ్లి వెళ్లి, ఇప్పుడు ఎక్కడికి కదిలినా ఆమెకు ఒంటిమీద చొక్కా ఉండాలి, మెడదాకా గుండీలు పెట్టాలి.

"ఏంది పిన్నిగారూ, మిరపతోటకనుకొని లాంచీ ఎక్కిండ్రా?" అంది మణుగూరు బొగ్గుగనుల కాలనీ నుంచి వచ్చిన ఒకావిడ. "అవ్ తల్లీ, గంప ఒక్కటే మరిచిన," అంది బుల్లెమ్మ. అందరూ నవ్వారు, ఆమె కూడా. కూతురు సుగుణ మాత్రం తల వంచుకుంది. ఆ కాలనీలో కొత్తగా కాపురం పెట్టింది. ఆ ఆడవాళ్లు తనను పేరంటాలకు పిలవడం ఇప్పుడిప్పుడే మొదలైంది. "తియ్యరాదే అమ్మా," అని గొణిగింది. బుల్లెమ్మ చొక్కా విప్పి ఒళ్లో మడిచి పెట్టుకుంది. వేళ్ల నుంచి మణికట్టు దాకా మాడినట్టు నల్లని చేతులు, ఆ పైన పచ్చని ఒళ్లు, మధ్యన గీత గీసినట్టు. ఇంట్లో రోజూ కనబడినా సుగుణ ఇన్నేళ్లలో ఆ గీతను పట్టించుకోనే లేదు. గబుక్కున చొక్కా తీసి తల్లి భుజాల మీద కప్పబోయింది.

"వద్దు బిడ్డా," అంది బుల్లెమ్మ, కొంగు నిండా కప్పుకుంటూ. "నేను రేపు మన ఊరు పోత. నువ్వు వీళ్లతోనే ఉండాలె."