పేరు తీయడం

ఆమె కంటి ఆసుపత్రిలో పనిచేస్తుంది. కళ్ళ జోలికి పోదు. రెండో అంతస్తులో, ఒకప్పుడు దుప్పట్లు దాచిన గదిలో కూర్చుని వాక్యాలు రాస్తుంది.

వాటిని చదివేది మనుషులు కాదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ముందు పలికేది ఏఐ. కాగితాల మీద దాని పేరు సహాయకుడు. అందరూ తమ్ముడనే అంటారు. తమ్ముడు మాట్లాడగలడు గానీ తనంతట తాను ఏ పనీ చేయలేడు. రోగి వివరాలు చూడటానికి కంప్యూటర్‌లోనే ఒక పనిముట్టు, ఆపరేషన్‌కు తేదీ ఇవ్వడానికి ఒకటి, ఇచ్చిన తేదీ రద్దు చేయడానికి ఒకటి, ఇలా కొన్ని అతనికి అప్పగించారు. ఏది ఎందుకో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో ఒక్కోదానికి నాలుగు ముక్కలు రాసి ఉంటాయి. అవి చదివి, అవతలి మనిషి మాటకు ఏది సరిపోతుందనిపిస్తే దాన్ని వాడతాడు. ఆ ముక్కలు ఆమె రాస్తుంది.

ఇంట్లో ఈ ఉద్యోగం ఎవరికీ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే భర్త "కంప్యూటర్లు" అని ఊరుకుంటాడు. అత్తగారు ఊరుకోలేదు.

"అయితే దానికి పని చెబుతావన్నమాట."

"పని చెప్పను అత్తయ్యా. పనిముట్టు గురించి చెబుతాను."

"కత్తెర చేతికిచ్చి, ఇది కత్తెర అంటావు."

"అంతే."

"దానికి జీతం కూడానా!"

అత్తగారు బట్టలు కుడుతుంది. కుట్టు మిషను కిటికీ పక్కన ఉంటుంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆ మధ్య ఒకాయన చొక్కాకు జేబు లోపలివైపు కుట్టింది. ఆయన మళ్ళీ రాలేదు. ఆపరేషన్‌కు తేదీ దొరకడానికే నెలలు పట్టింది. ఈలోగా చూపు ఇంకా తగ్గితే మిషను ఎవరికైనా ఇచ్చేయమంది, కూర తరగమన్నంత మామూలుగా.

తేదీ దగ్గరపడుతుంటే తన పేరు వరుసలో ఉందో లేదోనని ఆవిడకు అనుమానం పట్టుకుంది. కోడల్ని అడిగితే లోకువవుతానని తనే ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"నా పేరు ఒకసారి తీసి చూడు నాయనా."

"తప్పకుండానండీ." కాస్త ఆగి, "మీ పేరు తీశానండీ. ఇంకేమైనా సాయం కావాలా?"

"చాలు. చల్లగా ఉండు."

ఆపరేషన్ రోజు కౌంటర్‌లో ఉన్నాయన తెర మీద పైనుంచి కిందికి చూశాడు.

"మీ పేరు లేదండీ. మీరే ఫోన్ చేసి తీయించుకున్నారు."

"తీసి చూడమన్నాను. తీసి పారేయమన్నానా?"

"మాకు తెలియదండీ. తమ్ముడు చేశాడు."

"ఎవరి తమ్ముడు?"

కోడలు కిందికి వచ్చి ఆవిడను ఆటో ఎక్కించింది. పైకి వెళ్ళి ఆ ఫోన్ రికార్డు విన్నది. తర్వాత రద్దు చేసే పనిముట్టుకు రాసి ఉన్నది తెరిచింది. "వరుసలోంచి రోగి పేరు తీస్తుంది." తన వాక్యమే. నలుగురూ మాట్లాడుకునే మాటల్లో రాయమంటే అలా రాసింది. తలుపు తీస్తే తెరుచుకుంటుంది. ఫోటో తీస్తే వస్తుంది. శుక్లం తీస్తే పోతుంది. ఏ తీయడమో మనుషులకు గొంతును బట్టి తెలుస్తుంది. తమ్ముడికి ఆమె రాసిన ముక్క తప్ప మరో ఆధారం లేదు. చేసేముందు అడగమని కూడా ఆమె రాయలేదు.

పై అధికారి విషయం విన్నాడు.

"పెద్దావిడ సరిగ్గా చెప్పలేదని రాసేద్దాం."

"సరిగ్గానే చెప్పారు సార్."

"మీకెలా తెలుసు?"

"మా అత్తగారు."

ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. "అయితే మార్చండి."

ఆమె మార్చింది. "ఆపరేషన్ తేదీని రద్దు చేస్తుంది. రద్దయిన తేదీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఆపరేషన్ వద్దని గానీ, ఆ రోజు రాలేనని గానీ రోగి చెప్పినప్పుడే వాడాలి. 'పేరు తీసి చూడు' అంటే వివరాలు చూడమని అర్థం, అప్పుడు దీన్ని వాడకూడదు. రద్దు చేయమంటారా అని ముందు అడగాలి. అవునంటేనే చేయాలి."

"పొడుగైంది," అన్నాడు అధికారి. ఆమె ఒక్క మాట కూడా తగ్గించలేదు.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. "అత్తయ్యా, మీ పేరు పోయింది నేను రాసిన మాట వల్ల."

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంది. తుడిచినందువల్ల తేడా ఏమీ ఉండదు.

"అంటే కోడలే అత్తగారి పేరు తీసేసింది."

"అవునండీ."

"బయట అనకు. ఎలాగూ అలాగే అనుకుంటారు."

మళ్ళీ తేదీ రావడానికి నెల దాటింది. ఆ నెలంతా ఆవిడ మిషను మీద గుడ్డ కప్పి ఉంచింది. ఎవరికైనా ఇచ్చేయమని మాత్రం అనలేదు. ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక కోడలివైపు చాలాసేపు చూసింది.

"నీకు తల నెరిసింది."

"రెండేళ్ళయింది అత్తయ్యా."

"ఒక్కరూ చెప్పలేదు."

ఇంకా ఎడమ కన్ను మిగిలింది. ఫోన్ తను చేస్తానంది కోడలు.

"నువ్వు రాయాల్సింది రాశావుగా. నన్ను మాట్లాడనీ."

కోడలు వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు. నీళ్ళ చప్పుడులోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఎడమది నాయనా... ఆ, కుడిది అయిపోయింది... రద్దు కాదయ్యా, ఇవ్వమంటున్నా... సరే, అడుగు. అవును. నేనే."

కోడలు కుళాయి కట్టేసింది.

అత్తగారు తేదీని పైకి చెప్పింది. మళ్ళీ ఇంకోసారి చెప్పింది, ఈసారి గట్టిగా, వంటగదిలోకి వినబడేలా.