గుమ్మడికాయకి మొదటి గాటు

నా చిన్నప్పుడు, అమ్మ పురిటికి జగ్గయ్యపేట వెళ్ళిన చలికాలంలో, బడి పోతుందని నన్ను నందిగామలో నాన్న దగ్గరే ఉంచేశారు. నాన్న పత్తి మిల్లులో గుమాస్తా. దీపాలు పెట్టే వేళకి గానీ ఇల్లు చేరేవారు కాదు. బడి నుంచి వచ్చి తలుపు తీస్తే, పొద్దున వదిలిన గిన్నెలు వదిలినచోటే ఉండేవి. ఆ నిశ్శబ్దానికి కడుపులో ఏదో అయ్యేది. తొమ్మిదేళ్ళదాన్ని, దాన్ని దిగులంటారని తెలియక కడుపునొప్పి అనుకునేదాన్ని. పుస్తకాల సంచి అక్కడే పడేసి పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పారిపోయేదాన్ని.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. వీధి మొత్తానికీ ఆమె పెద్దమ్మే. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి ఒక్కతే ఉండేది. ఆ ఇంట్లో ఆమె కాక తిండి తినేవి రెండే: తోక సగం తెగిన ఎర్ర కుక్క, ఎవరినీ లెక్కచేయని బూడిద రంగు పిల్లి.

పెరటి పాక మీదికి పాకించిన గుమ్మడి తీగ చలికాలానికి కాయలిచ్చేది. వాటితో ఆ రెండింటికీ పెద్దమ్మ బిళ్ళలు చేసేది. ముక్కలు ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, జొన్నపిండి కలిపి, అరచేతిలో తట్టి, పెనం మీద గట్టిపడేదాకా సన్నని సెగన కాల్చేది. ఉప్పు, బెల్లం తగలనిచ్చేది కాదు. పిల్లి బిళ్ళలో మాత్రం నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలింది గోకి కలిపేది. మా అమ్మ అరిసెలు కూడా అంత శ్రద్ధగా వండిన గుర్తు లేదు నాకు. ఒకసారి నేనూ ఒకటి కొరికి చూశాను. చప్పగా ఉంది. అయినా రెండోది కూడా తిన్నాను.

చిక్కంతా వంటలో లేదు, కాయ కొట్టడంలో ఉంది. నిండు గుమ్మడికాయకి మొదటి గాటు మగవాళ్ళే పెట్టాలని మా వైపు పట్టింపు. ఆ ఒక్క గాటూ పడ్డాక ఆడవాళ్ళు ఎన్ని ముక్కలైనా తరుక్కోవచ్చు. పెద్దమ్మ ఇంట్లో మగదిక్కు లేదు. అందుకని కత్తి పట్టుకుని దడి దగ్గర నిలబడి, దారిన పోయేవాళ్ళని పిలిచేది. ఎరగనివాళ్ళు చూస్తే హడలిపోయేవాళ్ళే.

"నాయనా, ఒక్క గాటు పెట్టి పోవా" అనేది.

పోస్టుమాన్ వచ్చేవాడు. మైలవరం నుంచి మిరపకాయలు తోలుకొచ్చే బండాయన వచ్చేవాడు. ఒకసారి మా బడి మాస్టారే పంచె ఎగగట్టి కూర్చున్నారు. గాటు చిటికెలో పడేది, ఆ తర్వాత ఇచ్చే మజ్జిగకి మాత్రం అరగంట పట్టేది. అరుగు మీద కూర్చుని వాన సంగతి, పెళ్ళిళ్ళ సంగతి చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ రోజంతా పెద్దమ్మ పిల్లితో కూడా ఎక్కువ మాట్లాడేది. నేను ఇది చూశాను గానీ, చూసి ఏమీ గ్రహించలేదు.

ఒక సాయంత్రం వీధి చివరి ఇంటాయన అటుగా వెళ్తుంటే పెద్దమ్మ పిలిచింది. ఆయన ఆగకుండానే నవ్వాడు.

"కుక్కల ఫలహారానికి నేను కాయలు కొట్టాలా పెద్దమ్మా? బాగానే ఉంది!"

పెద్దమ్మ కూడా నవ్వి, లోపలికొచ్చి, కత్తి చూరులో దోపేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకెప్పుడూ ఈమె ఎవరినీ బతిమాలకూడదని గట్టిగా అనుకున్నాను.

ఆ ఆదివారం ఆమె బట్టలుతకడానికి మునేరుకి వెళ్ళింది. మంచం కింద ఆ యేటి ఆఖరి కాయలు మూడున్నాయి. ఒక్కొక్కటీ పెరట్లోకి దొర్లించుకెళ్ళి, ఎత్తి రోలు మీద పడేశాను. మొదటిది పడేసేటప్పుడు కళ్ళు పోతాయేమోనని గట్టిగా మూసుకున్నాను. తెరిచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. మిగతా రెండూ కళ్ళు తెరుచుకునే కొట్టాను. ముక్కలు చేటలో పేర్చి, మెచ్చుకుంటుందని గుమ్మంలో కూర్చున్నాను.

తడిబట్టలు భుజాన వేసుకుని వచ్చిన పెద్దమ్మ, వాటిని దించకుండానే వంగి చేటలో ముక్కలు వేలితో కదిపి చూసింది. ఆడపిల్లవి కాయ కొడతావా అని తిడుతుందనుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు.

"మూడూ కొట్టేశావుటే?"

"ఇంక నువ్వెవర్నీ పిలవక్కర్లేదు పెద్దమ్మా" అన్నాను గొప్పగా.

కోసిన కాయ నిలవుండదు కదా, ఆ రోజంతా ఇద్దరం పొయ్యి దగ్గరే ఉన్నాం. ఎన్నో వాయిలయ్యాక, బిళ్ళ తిరగేస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"వీటికి ఏం పెట్టినా తింటాయే. సొరకాయైతే నేనే తరుక్కుంటా. దోసకాయైనా అంతే. ఇదొక్కటే, ఇంకో మనిషొచ్చి చెయ్యెయ్యాలి."

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఖాళీ ఇంట్లో నాకొచ్చే కడుపునొప్పే ఈమెకీ ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు. "పొగే, కళ్ళు తుడుచుకో. మళ్ళీ యేడాదికి కాస్తాయిలే" అంటూ పెద్దమ్మ కొంగు అందించింది.

చేసిన తప్పు దిద్దుకుందామని మర్నాడు పోస్టుమాన్‌కి ఎదురెళ్ళి, పెద్దమ్మ రమ్మంటోందని చెప్పాను. సైకిలు దడికి ఆనించి, "ఏం పని పెద్దమ్మా?" అన్నాడు. పని ఏమీ లేదు. ఆమె నా వైపు చూసి, ఖాళీ చేట తీసి గోడకి ఆనించింది, అతను కొంచెం సిగ్గుపడి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పాపం అతనిదేం తప్పు లేదు. పని ఉందంటే పరుగెత్తుకొచ్చే మంచివాళ్ళు కూడా, ఊరికే రమ్మంటే ఎందుకని అడుగుతారు. డబ్బా నిండా ఉన్న బిళ్ళలు ఆ కుక్కకీ పిల్లికీ చలికాలం చివరిదాకా వచ్చాయి. పెద్దమ్మ అలవాటు కొద్దీ మజ్జిగ కలిపేది. సాయంత్రానికి అది నేనే తాగేదాన్ని.

అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. మళ్ళీ తీగ కాయక ముందే నాన్నకి జగ్గయ్యపేట మిల్లులో పని దొరికి ఇల్లు మారిపోయాం. ఆ యేటి కాయలకి గాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు. కనుక్కోకపోవడం నా తప్పే.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మావారు పోయాక, మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటున్నాను. పట్టింపుల మీద నమ్మకం లేదు, వంటింట్లో కత్తికి పదునుంది. మెట్ల కింద ఓ పిల్లి, వాచ్‌మన్ దగ్గర ఓ కుక్క ఉన్నాయి. చలికాలం రాగానే కూరల బండి అబ్బాయి ముక్క కోసిస్తానంటాడు. నేను వినను, నిండు కాయే తీసుకుంటాను. గ్యాసు బండ తెచ్చినవాడో, కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడో, ఎవరో ఒకరు గాటు పెట్టి కాసేపు కూర్చుని వెళ్తారు.

ఈసారి కాయ తెచ్చి నాలుగు రోజులైంది. మజ్జిగ రోజూ కలుపుతున్నాను.