సున్నానికి ఎర్రబడని మరక

పగ పట్టడం పాములకే చేతనవుతుందనుకునేవాళ్ళు మా ఇంటికి వచ్చి ఉండరు. నేను ఒక మనిషి మీద పగ పట్టాను, దానికి పాలు పోసి పెంచాను, అది తిరుత్తణిలో కాటు వేసింది. అందుకు ఈ రోజుకీ నాకు సిగ్గు లేదు.

మా అక్క తిరువళ్ళూరు దగ్గర పెరుగు ప్యాకెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. అక్కడ కొత్త ట్యాంకు పెట్టిన కొన్నాళ్ళకే ప్యాకెట్లు ఉబ్బిపోయి అంగళ్ళ నుంచి తిరిగి రావడం మొదలైంది. ట్యాంకు అమ్మినాయన్ని పిలిపించారు. ఆయన తన ట్యాంకు వైపు చూడనైనా చూడకుండా, ప్యాకెట్లు సర్దే ఆడవాళ్ళ వరసలో మా అక్క దగ్గర ఆగి, "ఈమె చేతుల్లోనుంచి వస్తా ఉండాది సార్ కంపు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ సాయంత్రమే అక్కను పనిలోంచి తీసేశారు.

పని పోతే ఇంకో పని దొరుకుతుంది. కానీ మా వీధిలో సీమంతమైనా, చెవులు కుట్టించడమైనా వంటకు అక్కనే పిలిచేవాళ్ళు. ఆ తర్వాత పిలుపులు ఆగిపోయాయి. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు. అక్క పులిహోర చేసి ఇళ్ళకు పంపితే గిన్నెలు శుభ్రంగా కడిగి తిరిగి ఇచ్చేవాళ్ళు. లోపలిది వాళ్ళు తిన్నారో, ఆవుకు పెట్టారో మాకు తెలిసేది కాదు.

నేను ఇప్పుడు తిరుత్తణి దగ్గర బాదంపాలు చేసే కంపెనీలో ఉన్నాను. శుభ్రత పరీక్షలు నా పని. కొత్త యంత్రం ఏది వచ్చినా, అందులో మొదటి చుక్క పాలు పోసే ముందు నేను సరే అనాలి. మొన్న పాలు కలిపే కొత్త ట్యాంకు వచ్చింది. లారీ వెనకే వచ్చిన కారులోంచి దిగింది అప్పటి ట్యాంకు అమ్మినాయనే. అక్క ఫ్యాక్టరీ నుంచి తన సామాను తెచ్చుకోవడానికి పోయిన రోజు తోడు వెళ్ళి ఆ ముఖం చూసి పెట్టుకున్నాను. ఆయనకు నేనెవరో తెలియదు. వినయంగా కుర్చీ వేయించాను.

నోటిపూతకు మింగే మాత్రల్లో పసుపుపచ్చని విటమిన్ ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్ళలో కలిపి ట్యాంకు లోపలంతా చల్లుతాం. తర్వాత ట్యాంకు తన నీళ్ళతో తనే కడుక్కోవాలి. ఆపైన లైట్లు ఆర్పి ఊదారంగు టార్చి వేస్తే, నీళ్ళు చేరని చోట ఆ విటమిన్ మెరుస్తుంది. ఈ రోజు మెరిసిన చోటే రేపు పాలు నిలిచి కుళ్ళుతాయి. ఆ ఉదయం టార్చి చేతపట్టుకుని, కొండ మీది స్వామీ, మెరిపించు అని మొక్కుకున్నాను. పరీక్ష చేసేవాళ్ళు అలా కోరుకోకూడదు. నేను కోరుకున్నాను.

మెరిసింది. అడుగున పాలు బయటికి పోయే వాల్వు చుట్టూ వంకర గీత ఒకటి. పైన మూత లోపలి అంచున గుండ్రటి చుక్కలు కొన్ని. చుక్కలు ఎక్కడివో నాకూ అర్థం కాలేదు. ఓనరు వాళ్ళమ్మ, అందరం అవ్వా అనే పెద్దావిడ, చీకట్లోంచి పలికింది.

"పైన ఉండేటివి నేను పెట్టిన బొట్లే. కొత్త సామానుకు పసుపు పెట్టకుండా ఎట్ల? బయట పెడితే నువ్వు తుడిచేస్తావని లోపల పెట్టినా."

పసుపు కూడా ఆ టార్చికి అలాగే మెరుస్తుంది. ట్యాంకాయన గొంతు ఒక్కసారిగా లేచింది. "అదే మేడమ్! కింద ఉండేదీ అవ్వ పెట్టిన మంజళే, ఆ పసుపే. నీళ్ళతో కారి వాల్వు కాడ నిలిచినాది. మా ట్యాంకులో ఏ తప్పూ లేదు."

మళ్ళీ అదే పాట. తప్పు ట్యాంకుది కాదు, ఎవరో ఒక ఆడదాని చేతిది. ఓనరు నెత్తిన పండగ ఆర్డర్లు ఉన్నాయి. "సరి, అట్లయితే ఇంకోసారి కడిగి పాలు పోసేద్దామా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లైట్లు వేయించాను. తడిపిన తెల్లగుడ్డతో మూత అంచు తుడిచాను, ఇంకో గుడ్డతో వాల్వు చుట్టూ తుడిచాను. రెండింటి మీదా పసుపుపచ్చ మరకే. "అవ్వా, నీ వక్కాకు సంచిలో సున్నం ఉందా?" అని అడిగి, గుడ్డలను ట్యాంకుకు దూరంగా బల్ల మీద పరిచి, రెండు మరకలకూ సున్నం రాశాను. మూత గుడ్డ ఎర్రబడింది. వాల్వు గుడ్డ పచ్చగానే ఉండిపోయింది.

"పసుపయితే సున్నానికి ఎర్రబడకుండా యాడికి పోతాది?" అంది అవ్వ. "ఎన్ని పెండ్లిండ్లకు ఆరతి నీళ్ళు కలిపినానో. నీ తప్పు నా పసుపు మీద వేస్తావేమిరా?"

ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. ఆ నిమిషాన్ని నోట్లో బెల్లంముక్కలా చప్పరిస్తున్నాను. వాల్వు విప్పిస్తే వెనక అతుకు గరుకుగా, గుంటలు పడి ఉంది. ఓనరు అటు వెళ్ళాక ఆయన్ని అడిగాను.

"తిరువళ్ళూరు పెరుగు ఫ్యాక్టరీకి ఇచ్చిన ట్యాంకూ ఇట్లనేనా?"

"అప్పుడు చేసినవన్నీ ఇట్లనే మేడమ్."

"అది మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు" అన్నాడు.

"చేతుల్లో కంపు అని మీరు చెప్పింది మా అక్కని."

అతుకు సరిచేసి తెస్తాను, మళ్ళీ పరీక్ష చేయండి, లేకపోతే ఓనరు ట్యాంకు వెనక్కి పంపేస్తాడు అని బతిమాలుకున్నాడు. చేస్తాను, ఇప్పుడు చేసినట్టే చేస్తాను, కానీ ముందు ఆదివారం మా ఇంటికి వచ్చి అక్క చేతి అన్నం తినండి అన్నాను. ఇది లంచమంటే అనండి. నేను కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటాను.

ఆదివారం వచ్చాడు. ఇంటి లోపల కాదు, వీధి చూసేలా అరుగు మీద ఆకు వేశాను. చుట్టుపక్కల వాళ్ళకు ముందే చెప్పి ఉంచాను. ఒక్కరూ తలుపు మూసుకోలేదు. తప్పు దేనిదో అందరూ వినేలా చెప్పమన్నాను. "ట్యాంకుదే తప్పు, ఈయమ్మది కాదు" అన్నాడు. తెలుగులో చెప్పాక అరవంలోనూ చెప్పించాను.

అక్క అన్నం గిన్నె తెచ్చి కింద పెట్టింది. వడ్డించకుండా, రెండు చేతులూ ఆయన ముందుకు చాచింది. ముందు అరచేతులు, తర్వాత తిప్పి గోళ్ళు. ఫ్యాక్టరీలో పనికి లోపలికి పోయే ఆడవాళ్ళు గేటు దగ్గర అలాగే చూపించాలి.

"చూసుకోండి సార్, ఆమీట వడ్డిస్తా" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

ఆయన తల ఎత్తలేదు.

"చూడండి" అన్నాను నేను. చూసేదాకా అన్నం వడ్డించనివ్వలేదు.